ఉప్పు డబ్బా పక్కన పొట్లం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో పచ్చళ్ల తయారీ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పచ్చళ్ల యూనిట్ ఈ ఏడాది ఎంత సంపాదించిందో, ఎంత పోగొట్టుకుందో చెప్పమని మమ్మల్ని పిలిచారు. లెక్కలన్నీ నివేదికలో అచ్చయ్యాయి, ఆడిట్ కూడా అయింది, తీరిగ్గా చదువుకోండి. ఆ లెక్కల్లో ఒకచోట "తిరిగి ఇచ్చిన అడ్వాన్సు" అని ఒక వరస, దాని కిందే "వెనక్కి తెప్పించిన సరుకు" అని ఇంకో వరస కనిపిస్తాయి. ఆ రెండు వరసల కథ చెప్పడానికే మేము నిలబడ్డాం. మధ్యలో కొంచెం రసాయన శాస్త్రం వస్తుంది. భయపడకండి, మాకే అర్థమైందంటే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది.

సంక్రాంతికి ముందు పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి కలిపి రెండు క్వింటాళ్లు కావాలన్నాడు. యూనిట్ పెట్టిన దగ్గర్నుంచి అంత పెద్ద ఆర్డరు మనం ఎరగం. అడ్వాన్సు చేతిలో పెట్టి రెండు షరతులు చెప్పాడు. ముక్క కొరికితే లోపల ఎర్రగా కనబడాలి, ఆరు నెలలు బయట పెట్టినా చెడకూడదు. "అదెట్లా బాబూ, ఉడికిన మాంసం గోధుమరంగుకి తిరగకుండా ఉంటుందా?" అని అడిగితే నవ్వి, అరకేజీ పొట్లం ఒకటి ఇచ్చాడు. ఇది చిటికెడు కలపండమ్మా, రంగూ ఉంటుంది నిల్వా ఉంటుంది, పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇదే వాడతాయి అన్నాడు. పొట్లం మీద పేరు లేదు, తయారైన తేదీ లేదు. పురికొసతో కట్టి ఉంది. మేము దాన్ని తీసుకెళ్లి షెడ్డులో అరమీద పెట్టాం. ఎక్కడ పెట్టామనుకున్నారు? ఉప్పు డబ్బా పక్కన.

షెడ్డులో పనిచేసే పన్నెండు మందికీ మధ్యాహ్నం వంట అక్కడే. మర్నాడు పప్పులో ఉప్పు తక్కువైందని ఒక అక్క లేచి అరలో చెయ్యి పెట్టింది. పొట్లం విప్పితే తెల్లగా, సన్నగా, తడి తగిలిన ఉప్పులా కొంచెం గడ్డకట్టి ఉంది. చెంచా ముంచింది కూడా. అప్పుడు ఆమెకి పురికొస మీద అనుమానమొచ్చి, "ఉప్పుకి పురికొస ఎవరు కట్టారే?" అని కేకేసింది. ఆ కేకే లేకపోతే ఆ రోజు షెడ్డులో ఏం జరిగేదో మేము తలుచుకోదలచుకోలేదు.

అప్పటికీ అది ఏమిటో మాకు తెలియదు. ఒకామె వాళ్లమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఆ పిల్ల ద్వారా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరు గారి దగ్గరికి పొట్లం తీసుకెళ్లాం. ఆయన గాజు గొట్టంలో నీళ్లు పోసి, పొడి రవ్వంత వేసి, రెండు మందులు చుక్కలు చుక్కలుగా వదిలారు. నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి. అంతకంతకూ ముదిరి కుంకుమ నీళ్లలా అయ్యాయి. "సోడియం నైట్రైటమ్మా ఇది" అన్నారు. ఆ పరీక్ష గ్రీస్ అనే జర్మన్ ఆయన 1879లో కనిపెట్టాడట. ఆయన ఇంగ్లండులో ఒక సారా బట్టీలో, అదే బీరు తయారుచేసే చోట, రసాయనాలు చూసే ఉద్యోగం చేస్తూ ఈ పనులన్నీ చేశాడని విని మేం చాలా నవ్వుకున్నాం. కానీ మన చీరల మీది ఎరుపు, నారింజ, పసుపు అద్దకం రంగుల్లో చాలావాటికి ఆయన కనిపెట్టిన పద్ధతే మూలం. ఆ రంగుల తయారీలో ఇవాళ్టికీ వాడేది ఈ సోడియం నైట్రైటే. అంటే రంగుల కార్ఖానాలో దీనికి న్యాయమైన పని ఉంది. మన పప్పు గిన్నెలోనే లేదు.

ఇక్కడ ఒక అక్షరం తేడా చెప్పాలి. నైట్రేట్ వేరు, నైట్రైట్ వేరు. నైట్రేట్‌లో ఒక నత్రజనికి మూడు ఆక్సిజన్లు ఉంటాయి. యూరియా చేలో వేస్తే చివరికి మట్టిలో అయ్యేది ఇదే, పెంటకుప్పలో పుట్టేదీ ఇదే, మన తాతలు సూరేకారం అని పిలిచిందీ ఇదే. దాన్నుంచి ఒక ఆక్సిజన్ ఊడిపోతే నైట్రైట్ అవుతుంది. ఆ పని సూక్ష్మజీవులు చేస్తాయి. మట్టిలో చేస్తాయి, మాంసంలో చేస్తాయి, మన నాలుక మీద కూడా చేస్తాయి. ఒక్క ఆక్సిజన్ పోతే ఏమవుతుందిలే అనుకోకండి. నైట్రేట్ కంటే నైట్రైట్ చాలా చురుకైంది, ఒంట్లోకి పోతే చాలా ప్రమాదకరమైంది.

లెక్చరరు గారు ఇంకో పేరు చెప్పారు, అది మాత్రం మీరు గుర్తు పెట్టుకోవాలి. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. పాదరసం మీద పల్చటి నైట్రిక్ ఆమ్లం పోసి ఏదో చేయబోతే, అనుకోకుండా అడుగున పసుపుపచ్చ స్ఫటికాలు కనబడ్డాయట. చూస్తే అది మెర్క్యురస్ నైట్రైట్. నిలవదు అనుకున్న పదార్థం నిలిచింది. ఇది 1895 నాటి మాట. ఆ తర్వాత ఏళ్ల తరబడి నైట్రైట్లనే పట్టుకుని పనిచేశారు, విదేశాల్లో ఆయన్ని నైట్రైట్ల దిట్ట అని పిలిచేవాళ్లు. మాకు నచ్చింది అది కాదు. ఆ పనికి ముందు ఆయన చేసింది నెయ్యి, ఆవనూనె కల్తీని పరీక్షించడం. కలకత్తా బజార్లో అమ్మే సరుకులో ఏది అసలో ఏది నకిలీనో లెక్కకట్టి రాశారు. 1892లో వెయ్యి రూపాయలు కూడా లేని పెట్టుబడితో తానుండే ఇంట్లోనే మందుల తయారీ మొదలుపెట్టారు. అదే తర్వాత బెంగాల్ కెమికల్స్ అయింది. మొదట్లో మందు కోసం పశువుల ఎముకలు మేడమీద ఎండబెడితే, వాన పడి అవి కుళ్లి, కాకులు చేరి, ఇరుగుపొరుగు గొడవకొచ్చారట. మామిడి ముక్కలు ఎండబెట్టినందుకే పక్కింటి వాళ్ల చేత మాటలు పడ్డ మాకు ఆ పెద్దాయన మా సంఘం మనిషిలాగే అనిపించాడు.

సరే, మాంసంలోకి ఈ నైట్రైట్ ఎందుకొచ్చింది? మన దగ్గర పుట్టిన అలవాటు కాదిది. చలి దేశాల్లో శీతాకాలం ముందు పందిని కోసి, ఏడాదంతా తినడానికి ఉప్పులో ఊరబెట్టేవాళ్లు. ఉప్పులో కొంచెం సూరేకారం కలిసినప్పుడు మాంసం ఎర్రగా నిలుస్తుందని వందల ఏళ్ల కిందటే గమనించారు. ఆ సూరేకారంలో చాలా భాగం ఒకప్పుడు మన బీహారు నుంచే ఓడల్లో పోయేది. తుపాకీ మందుకి ఎక్కువ, మాంసానికి తక్కువ. ఎందుకు ఎర్రబడుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. 1891లో జర్మనీలో పోలెన్‌స్కే అనే ఆయన ఊరనీళ్లను పరీక్షించి, వేసింది నైట్రేటే అయినా నీళ్లలో నైట్రైట్ ఉందే అని కనిపెట్టాడు. సూక్ష్మజీవులు మార్చేశాయి. రంగు తెచ్చేది ఆ నైట్రైటేనని 1899లో తేలింది. 1901లో ఇంగ్లండులో హాల్డేన్ అనే ఆయన ఇంకో అడుగు వేసి, నైట్రైట్ నుంచి పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు రక్తంలోని, కండలోని ఎర్ర పదార్థాన్ని అంటుకుని పట్టుకోవడం వల్ల ఉడికినా రంగు పోవడం లేదని తేల్చాడు. అమెరికా ప్రభుత్వం 1925లో మాంసంలో నేరుగా నైట్రైట్ వేయడానికి అనుమతిచ్చింది, లెక్క గీసి మరీ ఇచ్చింది.

రంగొక్కటే అయితే మేం అప్పుడే పొట్లాన్ని చెత్తలో వేసి చేతులు దులుపుకునేవాళ్లం. కానీ వ్యాపారి చెప్పిన రెండో మాట, నిల్వ మాట, పూర్తిగా అబద్ధం కాదు. మాకు చికాకు కలిగించింది అదే.

గాలి తగలని చోట, పులుపు లేని చోట, తడి ఉన్న చోట పెరిగే ఒక సూక్ష్మజీవి ఉంది. క్లాస్ట్రిడియం బోట్యులినం. దాని విషం నరాలను పట్టేస్తుంది. ముందు రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి ఆడదు. లాటిన్‌లో బోట్యులస్ అంటే సాసేజ్, పేగులో కూరిన మాంసం. జర్మనీలో రెండొందల ఏళ్ల కిందట కెర్నర్ అనే డాక్టరు, ఆయన కవి కూడానట, ఈ సాసేజ్ విషం మీద పుస్తకాలే రాశాడు. 1895 డిసెంబరులో బెల్జియంలో ఒక పల్లెటూళ్లో చావింటికి వాయించడానికి వచ్చిన బ్యాండువాళ్లు పచ్చి ఉప్పుమాంసం తిన్నారు. ముగ్గురు చనిపోయారు. వాన్ ఎర్మెంగెం అనే ఆయన ఆ మాంసంలోంచే ఈ జీవిని బయటికి తీశాడు. దీని విత్తులు మామూలుగా మరిగిస్తే చావవు. పసిపిల్లలకు తేనె నాకించొద్దు, ఏడాది నిండేదాకా ఆగమ్మా అని ఏఎన్ఎం గారు పోట్లాడేది కూడా ఈ విత్తుల భయంతోనే. ఆ విత్తులు మొలకెత్తకుండా మాంసంలో నైట్రైట్ అడ్డుకుంటుంది. కాబట్టి హామ్, సాసేజ్ చేసేవాళ్లకు అది ఉత్త సోకు సరుకు కాదు.

మరి నష్టమో? నైట్రైట్ కండలోని ఎర్ర పదార్థంతో చేసే పనే, ఎక్కువైతే, మనిషి రక్తంతోనూ చేస్తుంది. రక్తంలోని ఇనుమును మార్చేసి ప్రాణవాయువు మోయలేకుండా చేస్తుంది. రక్తం చాక్లెట్ రంగుకి తిరుగుతుంది, పెదాలు, గోళ్లు నీలిపడతాయి. 1944లో న్యూయార్క్‌లో ఒకరోజు పొద్దున పదకొండు మంది మగవాళ్లను నీలంగా మారిన స్థితిలో ఆసుపత్రులకు తెచ్చారు. అందరూ ముసలివాళ్లు, పేదవాళ్లు, ఒకే హోటల్లో ఓట్ల జావ తాగినవాళ్లు. మొదట గ్యాసు అనుకున్నారు. ఆరోగ్యశాఖ వాళ్లు హోటలు వంటగదిలో వెతికితే ఉప్పు డబ్బా, సోడియం నైట్రైట్ డబ్బా దగ్గర దగ్గరగా ఉన్నాయి. వంటవాడు ఉప్పనుకుని జావలో వేశాడు. బల్ల మీద ఉప్పు సీసా ఒకదానిలో కూడా అదే నింపారు. ఆ పదకొండు మందీ జావలో పైన ఇంకొంచెం చల్లుకున్నవాళ్లు. ఒకాయన బతకలేదు. ఈ సంగతి లెక్చరరు గారు చెప్తుంటే పప్పులో చెంచా ముంచబోయిన మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

జర్మనీవాళ్లు ఇలాంటివి చూసి చూసి 1934లో చట్టమే చేశారు. మాంసానికి వాడే నైట్రైట్‌ను విడిగా అమ్మకూడదు, ఉప్పులో కలిపే అమ్మాలి, అదీ నూటికి 0.6 పాళ్లు మించకూడదు. ఎవరైనా పొరపాటున ఎక్కువ వేసినా ముందు ఉప్పు నోటికి తగిలి ఉమ్మేస్తారు. అమెరికాలో నూటికి 6.25 పాళ్లు కలిపి, పైగా గులాబీ రంగు వేసి అమ్ముతారు, ఉప్పనుకోకుండా. మన వ్యాపారి ఇచ్చిన దాంట్లో రంగు లేదు, ఉప్పు లేదు, పేరు లేదు. చిటికెడు వేయమన్నాడు. ఎవరి చిటికెడు? మాలో ఒక్కొక్కరి చిటికెడు ఒక్కో రకం. మాంసంలో వేసే నైట్రైట్‌ను కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని కొలుస్తారు. మన షెడ్డులో ఉన్న కాటా అయిదు గ్రాములకంటే తక్కువ చూపించదు.

ఇంకో నష్టం నెమ్మదిగా వచ్చేది. నైట్రైట్, మాంసకృత్తుల నుంచి పుట్టే అమైన్‌లు పొయ్యి మీది వేడిలో, కడుపులోని పులుపులో కలిసి నైట్రోసమైన్‌లు అవుతాయి. వాటిలో ఒకటి ఎలుకల కాలేయంలో కంతులు పుట్టిస్తుందని 1956లో ఇంగ్లండులో తేలింది. 1960ల మొదట్లో నార్వేలో నైట్రైట్ వేసి నిల్వ చేసిన చేపల పొడి మేతగా తిన్న పశువులు కాలేయం పాడై చచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో నిల్వ మాంసాన్ని, అంటే సాసేజ్, బేకన్, సలామీ లాంటివాటిని, క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. పట్నంలో చదివే మన పిల్లలు పిజ్జా మీద వేయించుకునేది ఇదే సరుకు. పండక్కి వచ్చినప్పుడు ఒక మాట చెప్పండి. ప్యాకెట్ వెనక సన్న అక్షరాల్లో ఐఎన్‌ఎస్ 250 అని ఉంటే సోడియం నైట్రైట్, 249 అయితే పొటాషియం నైట్రైట్, 251, 252 అయితే నైట్రేట్లు. విటమిన్ సి ఉంటే నైట్రోసమైన్‌లు తక్కువ పుడతాయి, అందుకే బేకన్ చేసేవాళ్లు అదీ కలుపుతారు. మన నిమ్మకాయకి ఆ గుణం పుట్టుకతోనే ఉంది.

నిమ్మకాయ అన్నాం కాబట్టి అసలు సంగతికి వస్తున్నాం. ఇది చెప్పడం మాకు సులువు కాదు.

పొట్లం వాడం అని అందరం ఒక్కమాట మీద అనుకున్నాక, మాలో చిన్నామె ఒకతి లేచి, "మరి ఇది లేకుండా మన పచ్చడిని కాపాడుతున్నదేంటి?" అని అడిగింది. కారం అన్నాం. ఉప్పన్నాం, నూనె అన్నాం. కృషి విజ్ఞాన కేంద్రంలో ఆహార విభాగం మేడమ్ గారిని అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపారు. నూనె గాలిని ఆపుతుంది, బూజు పట్టకుండా అది మంచిదే. కానీ గాలి తగలకపోవడమే ఆ బోట్యులినానికి కావలసింది. దాన్ని ఆపేది పులుపు. పీహెచ్ అనే కొలత 4.6 కంటే తక్కువుంటే అది పెరగదు. మామిడి, నిమ్మ, చింతకాయ పచ్చళ్లకు ఆ బాధ లేదు, కాయలోనే పులుపుంది. మాంసానికి పులుపు లేదు, మనం పెట్టాలి. పైన నూనెలో పులుపుంటే చాలదు, ముక్క నడిబొడ్డు దాకా దిగాలి.

మా పచ్చళ్లు పరీక్షకు ఇచ్చాం. కారం ఎరుపులో రంగు కాగితాలు పనిచేయవు, మీటరే కావాలి. నూనె వడకట్టి, ముక్కలు మాత్రం మెత్తగా రుబ్బి చూడాలి. కోడి పచ్చడి 4.4 వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాం. మటన్ పచ్చడి 5.1 వచ్చింది.

అయిదేళ్లుగా అమ్ముతున్న పచ్చడి అది. మా అమ్మమ్మల కొలత. ఎవరికీ ఏమీ కాలేదు, ఆ మాట నిజం. అమ్మమ్మలు చేసినప్పుడు శేరు పచ్చడి వారం పది రోజుల్లో ఖాళీ అయ్యేది. ముక్కలు చెక్కల్లా ఎండిపోయేలా వేయించేవాళ్లు. మేము మెత్తగా ఉంటే కొనేవాళ్లకు నచ్చుతుందని వేపుడు తగ్గించాం, ముక్క పెద్దగా ఉంటే తూకం వస్తుందని పెద్దగా కోశాం, పులుపెక్కువైందని ఒకరిద్దరు అంటే నిమ్మరసం తగ్గించాం. మూడు నెలల గడువు అచ్చేసి సీసాలు బజారుకి పంపాం. వ్యాపారి పొడిని చూసి అంత గింజుకున్న మేము మా చేతులతో మేము చేసిన మార్పుల్ని ఒక్కసారి కూడా కొలిచి చూడలేదు.

ఆ సాయంత్రం కమిటీలో గొడవైంది, దాచడం ఎందుకు. ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఇకముందు మార్చుకుందాం, ఇప్పుడు సీసాలు వెనక్కి పిలిస్తే పేరు పోతుంది అని కొందరు. పన్నెండు మందికి పప్పులో పడబోతే గుండెలు బాదుకున్నాం, కొన్నవాళ్ల పిల్లలు మనుషులు కారా అని కొందరు. రాత్రి తొమ్మిదింటికి తీర్మానం రాశాం. దుకాణాల్లో ఉన్న మటన్ పచ్చడి సీసాలన్నీ వెనక్కి తెప్పించి, లెక్క చూసుకుని పూడ్చేశాం. "వెనక్కి తెప్పించిన సరుకు" అదే. అడ్వాన్సు కూడా తిరిగి ఇచ్చేశాం. వ్యాపారి ఒక మాట అన్నాడు, అది ఇక్కడ చదవం. ఆ నెల మాలో ఎవరికీ కూలి పూర్తిగా రాలేదు. స్త్రీనిధి వాయిదా సంఘం పొదుపులోంచి సర్దుకుని కట్టిన వాళ్లు ఈ సభలోనే ఉన్నారు.

ఇప్పుడు చేసే పద్ధతి చెప్తాం. మాంసం ముక్క చిన్న ఉసిరికాయంత కంటే పెద్దగా కోయం. ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీరంతా ఇగిరాక నూనెలో అంచులు గట్టిపడేదాకా వేయిస్తాం. పూర్తిగా చల్లారాక నిమ్మరసం పోస్తాం, వేడి మీద పోస్తే చేదొస్తుందని మీకు తెలిసిందే. పోసింది పోసినట్టు సీసాకెత్తం. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఊరనిచ్చి, రోజూ కలిపి, ప్రతి వాయిలోనూ ముక్కలు రుబ్బి పీహెచ్ చూసి, 4.2 లోపల ఉంటేనే సీసాకెత్తి నంబరు వేస్తున్నాం. మీటరు కొనడానికి సమాఖ్య ఇచ్చిన డబ్బు ఖర్చులో చూపించాం. ముక్క లోపల ఎర్రగా ఉండదు, గోధుమరంగులోనే ఉంటుంది. ఎరుపు మిరపకాయల నుంచి వస్తే చాలు.

సభ మొదలవకముందు కొందరు అడిగారు, ఆకుకూరల్లో కూడా ఈ నైట్రేట్ ఉంటుందటగా, మానేయాలా అని. ఉంటుంది, తోటకూరలో, పాలకూరలో, బీట్‌రూట్‌లో బాగానే ఉంటుంది. మనం తినే నైట్రేట్‌లో ఎక్కువ పాలు కూరగాయల నుంచే వస్తుంది. అయినా ఆకుకూర మానొద్దు. దాంట్లో విటమిన్ సి ఉంటుంది, ఇనుముంటుంది, మనలో రక్తహీనత లేనిది ఎందరికి? వండింది ఆ పూటే తినండి. పొద్దున వండిన తోటకూర పప్పు రాత్రి దాకా బయటపెడితే సూక్ష్మజీవులు అందులోని నైట్రేట్‌ను నైట్రైట్ చేస్తాయి. పసిపిల్లలకు మాత్రం నిల్వ ఆకుకూర పెట్టనే వద్దు.

ఆకుకూరకంటే పెద్ద సంగతి బోరు నీళ్లు. మన దేశంలో తాగేనీటిలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదికలో దేశమంతటా తీసిన నమూనాల్లో దాదాపు అయిదో వంతు ఆ గీత దాటాయి. ఆంధ్ర, తెలంగాణల్లో నాలుగో వంతుకి అటూ ఇటూగా ఉంది. యూరియా, పెంటకుప్పలు, బోరుకి దగ్గరగా తవ్విన మరుగుదొడ్డి గుంటలు కారణం. పెద్దవాళ్లకు వెంటనే తెలియదు. ఆరు నెలల లోపు బిడ్డకు ఆ నీళ్లతో డబ్బాపాలు కలిపితే కడుపులో నైట్రైట్‌గా మారి బిడ్డ నీలిపడుతుంది. 1945లో అమెరికాలో అయోవా పల్లెల్లో బావినీళ్లతో పాలు కలిపిన పిల్లల్లో దీన్ని కామ్లీ అనే డాక్టరు మొదట గుర్తించాడు. మనం చేసే పొరపాటు ఏంటంటే, నీళ్లు మరిగిస్తే అన్నీ పోతాయి అనుకుంటాం. క్రిములు పోతాయి, నైట్రేట్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలలూ తల్లిపాలే ఇస్తే ఈ గొడవే లేదు. తల్లి తాగిన నీళ్లలోని నైట్రేట్ పాలలోకి పెద్దగా రాదు.

ఎవరికైనా తిన్న కాసేపటికి పెదాలు, గోళ్లు నీలిపడి ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి, తిన్న పదార్థమూ, పొట్లమూ ఏదుంటే అది వెంట తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి. మిథిలిన్ బ్లూ అని సూదిమందు ఉంది. నీలిపడ్డవాళ్లకు నీలిమందే విరుగుడు, వింతగా ఉంది కదా. సమయానికి పడితే మనిషి కళ్లముందే తేరుకుంటాడట.

జల జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు కిట్టుతో నీటి పరీక్ష నేర్పుతారు. నేర్చుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, కిట్లు మాత్రం చాలా ఊళ్లలో పంచాయతీ బీరువాలో ఉన్నాయి. నైట్రేట్‌కి గులాబీ రంగు వచ్చే పరీక్ష చాలా కిట్లలో లెక్చరరు గారు మాకు చూపించిన దానికి దగ్గరిదే. ముందు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి, తర్వాత రంగు చూస్తారు. బయట బల్ల మీద కడిగిన ఖాళీ సీసాలు పెట్టాం. చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు తలా ఒకటి తీసుకెళ్లి, మీ బోరు నీళ్లు నింపి, సీసా మీద ఊరు, సంఘం పేరు, బోరు ఎవరిదో రాసి, వచ్చే సోమవారం లోపల మీ గ్రామ సంఘం లీడరుకి ఇవ్వండి. పెన్నులు కూడా అక్కడే ఉన్నాయి.

ఆ పొట్లం లెక్చరరు గారు కాలేజీ ల్యాబులో పేరు రాసి తాళం వేసి పెట్టారు. మా షెడ్డు అరమీద ఇప్పుడు ఉప్పు డబ్బా ఒక్కటే ఉంటుంది.